మెతుకు పట్టి చూడటం: పెద్ద పరిశోధనకు ముందు చేసే చిన్న అధ్యయనం ఏం చెప్పగలదు?

చిన్న అధ్యయనం బాగా జరిగితే పెద్దదీ ఫలిస్తుందని అనుకోవడం సహజం. ఆ నమ్మకానికి ఆధారం ఎంతుందో తేల్చుకోవాలంటే పశ్చిమ గోదావరి జిల్లా పల్లెల్లో జరిగిన రెండు పరిశోధనలను పక్కపక్కన పెట్టుకుని చదవాలి. రెండూ జార్జ్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ గ్లోబల్ హెల్త్ ఆధ్వర్యంలో జరిగినవే. రెండింటి ఊహా ఒకటే: ఊళ్లో ఉండే ఆశా కార్యకర్త చేతికి ట్యాబ్ ఇవ్వాలి, ఇంటింటికీ వెళ్లి ముప్పున్న వాళ్లను ఆమె గుర్తించాలి, వాళ్లు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు దగ్గరకు చేరాలి. మొదటి పరిశోధన గుండెపోటు, పక్షవాతం ముప్పు గురించి. రెండోది దిగులు, ఆందోళన వంటి మానసిక బాధల గురించి. రెండింటికీ ముందు చిన్న అధ్యయనాలు చేశారు. రెండు చిన్న అధ్యయనాలూ ముందుకు వెళ్లమనే చెప్పాయి. తర్వాత జరిగిన పెద్ద ట్రయల్స్‌లో మాత్రం ఒకటి అనుకున్న ఫలితం చూపలేదు, రెండోది చూపింది.

గుండెజబ్బు ముప్పుకు సంబంధించిన చిన్న అధ్యయనం ఆంధ్రప్రదేశ్‌లోని 11 గ్రామాల్లో జరిగింది. 11 మంది ఆరోగ్య కార్యకర్తలు, ముగ్గురు డాక్టర్లు కలిసి 292 మందిని ట్యాబ్ సాయంతో పరీక్షించారు. కార్యకర్తలు ఆ పరికరాన్ని వాడగలిగారు. ఆ తర్వాత 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలోని 54 గ్రామాల్లో పెద్ద ట్రయల్ పెట్టారు. ఊళ్లన్నిటికీ ఒకేసారి కాకుండా విడతలవారీగా కార్యక్రమాన్ని అందించి, అందిన కాలాన్నీ అందని కాలాన్నీ పోల్చే పద్ధతి అది. 40 ఏళ్లు దాటిన 62,194 మందిని పరీక్షిస్తే 8,642 మందికి ముప్పు ఎక్కువగా ఉందని తేలింది. ఒక జిల్లా పల్లెల్లో, ఆశా కార్యకర్తల చేతుల మీదుగా జరిగిన పని అది, చిన్న విషయం కాదు. కానీ అసలు కొలమానం రక్తపోటు. అది ఉండాల్సిన స్థాయికి దిగినవాళ్లు కార్యక్రమం అందిన కాలంలో 41.2 శాతం, అందని కాలంలో 39.2 శాతం. లెక్కల ప్రకారం ఇది తేడా కిందకు రాదు. 2019లో ఆ ఫలితాన్ని ఉన్నదున్నట్టు ప్రచురించారు.

చిన్న అధ్యయనం అబద్ధం చెప్పిందా? లేదు. కార్యకర్త ట్యాబ్ వాడగలదా అని దాన్ని అడిగారు, వాడగలదని చెప్పింది. ట్యాబ్ చెప్పాక రోగి డాక్టరు దగ్గరకు వెళ్తాడా, వెళ్తే మాత్ర రాసిస్తారా, ఆ మాత్ర కేంద్రంలో ఉంటుందా, ఉంటే నెలనెలా వేసుకుంటాడా, ఇదంతా లేకపోయినా బీపీ దిగే వాళ్లెంతమంది అనేవి వేరే ప్రశ్నలు. వాటికి జవాబు చెప్పే శక్తి 292 మందికి లేదు. మనం అడగని ప్రశ్నకు జవాబును దానిలో చదువుకుంటే ఆ తప్పు చదివినవాళ్లదే.

రెండో జంట ఇంకా ఆలోచింపజేస్తుంది. మానసిక ఆరోగ్యానికి సంబంధించిన చిన్న అధ్యయనం 30 గిరిజన గ్రామాల్లో జరిగి 2017లో ప్రచురితమైంది. 5,007 మందిని ప్రశ్నిస్తే 238 మందిలో బాధ లక్షణాలు కనిపించాయి. అంతకు ముందు వాళ్లలో వైద్యసేవ పొందినవాళ్లు 0.8 శాతం, అంటే ఇద్దరు. కార్యక్రమం తర్వాత 12.6 శాతం, అంటే 30 మంది. శాతాల్లో చెబితే దాదాపు పదిహేను రెట్లు. మనుషుల్లో చెబితే 28 మంది ఎక్కువ. దిగులు, ఆందోళన కొలిచే మార్కులు కూడా తగ్గాయి. అయితే ఇది ముందూ తర్వాతా పోల్చిన అధ్యయనం. పక్కన కార్యక్రమం అందని ఊళ్లు లేవు.

ఆ లోటు ఎంత పెద్దదో తర్వాతి ట్రయల్ చూపించింది. పశ్చిమ గోదావరితో పాటు హరియాణా పల్లెలనూ కలుపుకుని, 44 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో 9,928 మందితో జరిపిన ఆ ట్రయల్ 2024లో ప్రచురితమైంది. మొదట్లో ముప్పు ఎక్కువగా ఉన్నవాళ్లలో ఏడాది తర్వాత కోలుకున్నవాళ్లు కార్యక్రమం అందిన చోట 74.7 శాతం. ఇది మంచి ఫలితమే. కానీ నా చూపు రెండో అంకె మీద నిలిచింది. పూర్తి కార్యక్రమం అందని చోట కూడా 50.6 శాతం మంది కోలుకున్నారు. సగం మంది! పోల్చడానికి రెండో వర్గమే లేకపోతే ఈ సగాన్ని కూడా కార్యక్రమం ఖాతాలోనే వేసుకునేవాళ్లం.

దీని వెనక మాయ లేదు. మార్కులు ఎక్కువగా వచ్చిన రోజున ఎంపిక చేసినవాళ్లను కొన్ని నెలల తర్వాత మళ్లీ కొలిస్తే, ఏమీ చేయకపోయినా సగటున తగ్గుతాయి. కొందరు ఎంపికైనదే ఆ రోజు బాధ ఉచ్చస్థితిలో ఉండటం వల్ల. బీపీ కూడా అంతే. ఎండలో నడిచొచ్చి కూర్చున్న మనిషికి మొదటిసారి 150 ఉన్నది, నెల తర్వాత ఇంటి అరుగు మీద కొలిస్తే 138 ఉండొచ్చు. చిన్న అధ్యయనాల్లో ఎక్కువ భాగం రెండో వర్గం లేనివే కాబట్టి అవి దాదాపుగా ఎప్పుడూ కొంత ఆశ చూపిస్తాయి. ఫలించబోయేదీ చూపిస్తుంది, ఫలించనిదీ చూపిస్తుంది. పశ్చిమ గోదావరి రెండు చిన్న అధ్యయనాలను మాత్రమే చదివి, వీటిలో ఏది నిలబడుతుందో చెప్పమంటే నేను చెప్పగలిగేవాణ్ని కాదు.

మెతుకు సామెత ఎక్కడ చెల్లదు

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. అది నిజం. ఎందుకంటే గిన్నెలో గింజలన్నీ ఒకే బియ్యం, ఒకే ఎసరు, ఒకే మంట. మనుషులకూ ఊళ్లకూ ఈ మాట చెల్లదు. ఏటి పక్క ఊరికీ కొండ మీది గూడేనికీ ఎసరు ఒకటి కాదు. పైగా చిన్న అధ్యయనానికి ఎంచుకునే ఊరు ఎప్పుడూ గరిటె పైకి తేలిన మెతుకే. రోడ్డు బాగున్నది, పీహెచ్‌సీ డాక్టరు ఉత్సాహవంతుడు, సర్పంచ్ సహకరించేవాడు, పరిశోధకుడికి తెలిసినవాళ్లున్నది.

ఊరు బాగా ఎంచుకున్నా అంకెల సంగతి ఉంది. ఒక లెక్క వేసి చూద్దాం. 30 మందిని చీటీలు తీసి రెండు వర్గాలు చేశామనుకోండి. కార్యక్రమం అందిన 15 మందిలో 9 మంది బాగుపడ్డారు, అందని 15 మందిలో ఆరుగురు. 60 శాతం, 40 శాతం. 20 పాయింట్ల తేడా కంటికి బలంగా కనిపిస్తుంది. కానీ 95 శాతం విశ్వాసంతో దాని హద్దులు గీస్తే, అసలు తేడా 55 పాయింట్ల మేలు నుంచి 15 పాయింట్ల కీడు దాకా ఎక్కడైనా ఉండొచ్చు. అంటే కార్యక్రమం గొప్పగా పనిచేయవచ్చు, అసలు పనిచేయకపోవచ్చు, చెడు కూడా చేయవచ్చు. ఇది అధ్యయనానికి ముందు కూడా మనకు తెలిసిన సంగతే.

ప్రమాదం ఇక్కడితో ఆగదు. ఆ 20 పాయింట్లనే నిజమని పట్టుకుని పెద్ద ట్రయల్‌కు ఎంతమంది కావాలో లెక్క కడతారు. 40 నుంచి 60 శాతానికి పెరిగే తేడాను 80 శాతం అవకాశంతో పట్టుకోవడానికి ఒక్కో వర్గంలో దాదాపు 97 మంది చాలు. అసలు తేడా 10 పాయింట్లే అయితే, అంటే 40 నుంచి 50కి అయితే, దాదాపు 390 మంది కావాలి. నాలుగు రెట్లు. 97 మందితో మొదలుపెట్టిన పరిశోధకుడు రెండేళ్లు కష్టపడి, నిజంగా ఉన్న మేలును కూడా కనిపెట్టలేక, పనిచేయదని రాసి ముగిస్తాడు. పనికొచ్చే కార్యక్రమం ఒకటి అలా చెత్తబుట్టలోకి పోతుంది. చిన్న అధ్యయనంలో కనిపించిన ప్రభావాన్ని పెద్దదాని నమూనా లెక్కకు వాడొద్దని హెలెనా క్రేమర్, ఆమె సహచరులు 2006లోనే హెచ్చరించారు. వాడాల్సింది, ఎంత మేలు జరిగితే రోగికి నిజంగా లెక్కలోకి వస్తుందో ఆ అంకె. దాన్ని డాక్టర్లతో, రోగులతో మాట్లాడి ముందే నిర్ణయించుకోవాలి.

చిన్న అధ్యయనాలు ఎన్నో ఒకేవైపు మొగ్గినా మోసపోవచ్చు అనడానికి వైద్యచరిత్రలో పేరుపడ్డ ఉదాహరణ మెగ్నీషియం. గుండెపోటు వచ్చినవాళ్లకు నరం ద్వారా మెగ్నీషియం ఎక్కిస్తే మరణాలు తగ్గుతాయా అన్నది ప్రశ్న. 1991 నాటికి ఏడు చిన్న ట్రయల్స్, మొత్తం 1,301 మంది రోగులు. అన్నీ కలిపి లెక్కిస్తే మరణించే అవకాశం సగానికి పైగా తగ్గినట్టు కనిపించింది. 1992లో ఇంగ్లండ్‌లోని లీస్టర్‌లో 2,316 మందితో జరిగిన ట్రయల్‌లో మేలు కనిపించింది గానీ, 24 శాతానికి దిగింది. 1995లో ఐసిస్-4 పేరుతో 58,050 మందితో చేసిన ట్రయల్‌లో మేలేమీ తేలలేదు. మెగ్నీషియం ఇచ్చినవాళ్లలో మరణాలు 7.64 శాతం, ఇవ్వనివాళ్లలో 7.24 శాతం. ఎందుకిలా అయిందని చాలాకాలం వాదించుకున్నారు. ఇచ్చిన సమయం ఆలస్యమైందని కొందరన్నారు. 2002లో 6,213 మందితో, ఇంకా త్వరగా మందు ఇచ్చి చేసిన మరో ట్రయల్‌లోనూ మేలు కనిపించలేదు. మేలు చూపని చిన్న అధ్యయనాలు అచ్చులోకి రాకుండా సొరుగుల్లో ఉండిపోవడం ఇలాంటి భ్రమకు ఒక కారణం కావచ్చు. బయటికొచ్చిన ఏడింటిని కలిపి చూసేవాళ్లకు రానివి ఎన్నో తెలియదు కదా.

మరి చిన్నదాన్ని ఏమడగాలి

ఒడిశాలో జరిగిన పని నాకు ఆదర్శంగా కనిపిస్తుంది. నవజాత శిశువులకు మేలుచేసే బాక్టీరియాను, దానికి ఆహారమయ్యే చక్కెరతో కలిపి వారం రోజులు నోటి ద్వారా ఇస్తే రక్తంలో ఇన్ఫెక్షన్లు తగ్గుతాయా అన్నది డాక్టర్ పినాకీ పాణిగ్రాహి బృందం ప్రశ్న. దానికి జవాబు చెప్పాలంటే వేలమంది శిశువులు కావాలి. ఆ ప్రశ్నను చిన్న అధ్యయనం నెత్తిన పెట్టలేదు. 2008లో ప్రచురించిన పనిలో 31 మంది శిశువులే ఉన్నారు. 19 మందికి ఆ మిశ్రమం, 12 మందికి అదే రూపంలో ఉండే ఉత్తుత్తిది. అడిగింది ఒక్కటే: ఈ బాక్టీరియా పసిబిడ్డ పేగుల్లో నిలుస్తుందా? ఇరవై ఎనిమిదో రోజున మిశ్రమం అందినవాళ్లలో దాదాపు అందరి మలంలోనూ అది ఉంది. ఆరో నెలకు మూడో వంతు మందిలో మిగిలింది. వారం రోజుల మోతాదుతో నెలల తరబడి నిలవగలదని తేలింది. నిలవకపోతే వేలమందితో ట్రయల్ పెట్టడంలో అర్థమే లేదు. 31 మంది జవాబు చెప్పగలిగిన ప్రశ్న అది, దాన్నే అడిగారు. తర్వాత ఒడిశా గ్రామాల్లో 4,556 మంది శిశువులతో చేసిన ట్రయల్ 2017లో ప్రచురితమైంది. ఇన్ఫెక్షన్ లేదా మరణం 9 శాతం నుంచి 5.4 శాతానికి తగ్గింది. పెద్దది ఇలా ఫలించి ఉండకపోయినా చిన్న అధ్యయనం విలువ తగ్గేది కాదని నా అభిప్రాయం.

చిన్నది బాగా చెప్పగలిగే మరో సంగతి మాటల గురించి. ఇక్కడ తెలుగునేల మీద పనిచేసేవాళ్లకు చెప్పుకోవలసింది చాలా ఉంది. 'మీకు బీపీ ఉందా?' అన్న ప్రశ్న కాగితం మీద తిరుగులేనిది. కానీ మన వాడుకలో బీపీ అంటే కోపం కూడా. 'మా ఆయనకి బీపీ ఎక్కువండీ' అన్న ఇల్లాలు రోగం గురించే చెబుతోందని నమ్మకం లేదు. గుండెల్లో పట్టేసినట్టుంటే చాలామంది నొప్పి అనరు, గ్యాస్ అంటారు. ఛాతీనొప్పి వచ్చిందా అని అడిగితే రాలేదనే రాసుకుని వస్తాం. 'సిగరెట్ తాగుతారా?' అని శ్రీకాకుళం, విశాఖ తీరపు పల్లెల్లో ఒక ముసలమ్మను అడిగితే లేదంటుంది, అది నిజమే. ఆమె తాగేది చుట్ట, అదీ నిప్పున్న కొన నోట్లో పెట్టుకుని. అడ్డపొగ అన్న మాట ప్రశ్నావళిలో లేకపోతే అంగిలి కాన్సర్ ముప్పున్న మనిషి పొగ తాగని వాళ్ల లెక్కలోకి చేరిపోతుంది. ఇంట్లో ఎంతమంది ఉంటారన్న ప్రశ్న కూడా తేలిక కాదు. గల్ఫ్‌కు వెళ్లిన కొడుకు ఇంట్లో ఉన్నట్టా, లేనట్టా? పురిటికి వచ్చిన కూతురు? పది ఇళ్లు తిరిగితే ఇవన్నీ బయటపడతాయి. వేల ఇళ్లు తిరిగాక బయటపడితే దిద్దుకోవడానికి దారి ఉండదు.

పొలం పనుల సంగతి కూడా అంతే. నాట్ల కాలంలో ఉదయం పదింటికి సర్వేకి వెళ్తే ఇళ్ల దగ్గర దొరికేది ముసలివాళ్లూ పసివాళ్లే. పత్తి తీతలప్పుడు ఆడవాళ్లు చీకటితోనే వెళ్లిపోతారు. ఏప్రిల్‌లో చేసిన చిన్న అధ్యయనంలో నూటికి తొంభై మంది దొరికారని జూలైలో పెద్దదానికి బయల్దేరితే లెక్క తప్పుతుంది. వీలైతే రెండు రుతువుల్లోనూ చూడటం మంచిది. వీలుకాకపోతే ఏ నెలలో చేశామో స్పష్టంగా రాసుకోవాలి.

ఎంతమంది కావాలి అన్నదానికి ఒక్క జవాబు లేదు, ఏం వెతుకుతున్నామన్న దాన్ని బట్టి ఉంటుంది. నూటికి ఐదుగురికి ఎదురయ్యే చిక్కు, ఉదాహరణకు ఒక ప్రశ్న బొత్తిగా అర్థం కాకపోవడం, ఒక్కసారైనా మన కంటపడాలని 95 శాతం నమ్మకంతో కోరుకుంటే 59 మంది కావాలి. భద్రత విషయంలో 'మూడు సూత్రం' అని ఒకటుంది: ఎవరికీ హాని కలగలేదని చెప్పేటప్పుడు మూడును మనుషుల సంఖ్యతో భాగించి చూడాలి. 30 మందిలో ఎవరికీ ఏమీ కాలేదంటే, అసలు ప్రమాదం నూటికి పది దాకా ఉన్నా ఆశ్చర్యం లేదని అర్థం. కాబట్టి 30 మందిని చూసి సురక్షితమని ప్రకటించడం సరికాదు.

మన విశ్వవిద్యాలయాల్లో పీహెచ్‌డీ విద్యార్థి 30 ప్రశ్నావళులు నింపించి, క్రోన్‌బాక్ ఆల్ఫా 0.7 దాటిందని రెండు వాక్యాలు రాసి పైలట్ (ముందస్తు చిన్న అధ్యయనం) అధ్యాయం ముగించడం తరచుగా కనిపిస్తుంది. ఆ అంకెకు దాని విలువ దానికుంది, ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత పొందికగా ఉన్నాయో చెబుతుంది. అర్థమయ్యాయో లేదో చెప్పదు. అందరూ ఒకేరకంగా తప్పుగా అర్థం చేసుకున్నా ఆల్ఫా ఎక్కువగానే రావచ్చు. నన్నడిగితే ఆ అధ్యాయంలో ఉండాల్సింది ఒక పట్టిక: పైలట్‌కు ముందు ప్రశ్న ఎలా ఉంది, ఎవరు ఎక్కడ తడబడ్డారు, తర్వాత ఎలా మార్చాం. ఏమీ మారలేదంటే పైలట్ సరిగ్గా జరగలేదేమోనని నాకు అనుమానం వస్తుంది.

ముందే రాసుకోవలసిన హద్దు

పైలట్ ట్రయల్స్‌ను ఎలా నివేదించాలో చెబుతూ కన్సార్ట్ మార్గదర్శకాలకు 2016లో ఒక పొడిగింపు వచ్చింది. ప్రభావం ఉందా లేదా అని తేల్చడం పైలట్ పని కాదని, దాని ఉద్దేశం పెద్ద ట్రయల్ చేయగలమా అన్న అనిశ్చితిని తగ్గించడమని అది స్పష్టం చేసింది. ముందుకు వెళ్లాలా వద్దా అనే ప్రమాణాలు ముందే చెప్పాలంది. కొందరు వీటిని సిగ్నల్ దీపాల్లా రాసుకుంటారు. ఉదాహరణకు, పిలిచినవాళ్లలో 70 శాతానికి పైగా చేరితే ఆకుపచ్చ, 50 నుంచి 70 మధ్యలో ఉంటే పద్ధతి దిద్దుకుని వెళ్లాల్సిన పసుపు, అంతకంటే తగ్గితే ఎరుపు. ఈ అంకెలు నేను ఊరికే వేసినవి, ఎవరి పనికి తగ్గవి వాళ్లు నిర్ణయించుకోవాలి. అంకెలు చూశాక హద్దు గీస్తే ఎరుపు దీపం ఎప్పటికీ వెలగదు. నిధులు వచ్చేశాయి, సిబ్బందిని తీసుకున్నారు, గైడ్ ఎదురుచూస్తున్నారు. ఆ ఒత్తిడిలో ఆగిపోదామనడానికి చాలా ధైర్యం కావాలి. ఆ ధైర్యం అవసరం లేకుండా చేసేదే ముందుగా రాసుకున్న కాగితం.

చిన్నది అన్న పేరు నైతిక బాధ్యతను చిన్నది చేయదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో 2009లో పాత్ అనే సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు హెచ్‌పీవీ టీకా వేసిన కార్యక్రమాన్ని ప్రదర్శన ప్రాజెక్టు అన్నారు. కొందరు బాలికలు తర్వాత మరణించడంతో 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్టు విచారణలో తేలలేదు. టీకా భద్రత గురించి వేరే దేశాల్లో విస్తారమైన ఆధారాలున్నాయి. కానీ సమ్మతి తీసుకున్న తీరులో లోపాలు బయటపడ్డాయి. హాస్టళ్లలో ఉండే పిల్లల తరఫున తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు చేసిన సందర్భాలున్నాయి. 2013లో పార్లమెంటు స్థాయీసంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. ప్రదర్శన అనండి, పైలట్ అనండి, మనుషుల మీద కొత్తగా ఒకటి చేసి ఏమవుతుందో గమనిస్తున్నప్పుడు అది పరిశోధనే. ఎథిక్స్ కమిటీ అనుమతి, అర్థమయ్యే భాషలో సమ్మతి, హాని జరిగితే చూసుకునే ఏర్పాటు, ట్రయల్ అయితే రిజిస్ట్రీలో నమోదు 30 మందికీ కావాలి.

ఆ 30 మంది గురించే ఇంకొకటి చెప్పాలి. పైలట్ జరిగిన ఊళ్లను పెద్ద ట్రయల్‌లో సాధారణంగా చేర్చరు. వాళ్లకు కార్యక్రమం సంగతి అప్పటికే తెలుసు కాబట్టి పోలిక చెడుతుంది. పద్ధతి ప్రకారం అది సరైనదే. కానీ ఆ ఊరి వైపు నుంచి చూస్తే, రక్తం ఇచ్చారు, గంటసేపు కూర్చుని ఇంటి సంగతులన్నీ చెప్పారు, తర్వాత జీపు మళ్లీ రాలేదు. పెద్ద ట్రయల్ వేరే మండలంలో జరిగింది, ఫలితాలు ఇంగ్లీషులో వేరే దేశపు పత్రికలో వచ్చాయి. పైలట్ బడ్జెట్‌లో ఒక్క రోజు ఖర్చు తీసిపెట్టి ఆ ఊరికి తిరిగి వెళ్లడం ఎక్కువేమీ కాదు. ఎవరి బీపీ ఎంతో చీటీ మీద రాసి వాళ్ల చేతికివ్వవచ్చు. పంచాయతీ ఆఫీసు దగ్గర కూర్చుని, మీరు 'గ్యాస్' అన్నారు కాబట్టి ఈ ప్రశ్న ఇలా మార్చుకున్నాం, మీరు పొద్దున దొరకలేదు కాబట్టి మిగతా ఊళ్లకు సాయంత్రం వెళ్తున్నాం అని చెప్పవచ్చు.